తొలి తన్ను ఎవరిది?

వాన వెలిసిన పొద్దున స్కూటరు మీద ఆఫీసుకు పోతూ జాలర్లుండే కురుచికుప్పం దాకా వచ్చేసరికి, ఆరబెట్టిన వలల వాసన ముక్కుకు కొడుతుంది. ఉప్పూ, చేపపొలుసూ, తడి ఇసకా, కొంచెం డీజిలూ కలిసిన వాసన అది. నా వెనక కూర్చుని వచ్చే మా ఆఫీసు ఆవిడ వెంటనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. నాకు మాత్రం ఆ వాసనకు చేపలు గుర్తుకు రావు, ఫుట్‌బాలు గుర్తుకొస్తుంది. ఈ మాట చెబితే ఆమె నవ్వింది గానీ, నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళు కాదు. మా మిల్లు మైదానంలో గోలు కర్రలకు కట్టే వల ఈ కుప్పం నుంచే వచ్చేది. సముద్రంలో పనిచేసి పాతబడి, అతుకుల మీద అతుకులు పడి, ఎండ ఎక్కేకొద్దీ వాసన పెంచుకునే ఆ వల ముందర నిలబడి మా నాయన గోల్‌కీపరు ఉద్యోగం చేసేవాడు. ఉద్యోగం అని ఎందుకంటున్నానంటే, మిల్లులో నూలు ఖాతాలో ఆయన చేసే పనికంటే దీన్నే ఆయన ఎక్కువ శ్రద్ధగా చేసేవాడని మా అమ్మ దెప్పేది.

మా వీధిలో ఇంచుమించు అందరూ మిల్లువాళ్ళే. మిల్లు సంగు, అంటే సైరను, ఊదితే లేచేవాళ్ళం, సంగు ఊదితే తినేవాళ్ళం, సాయంత్రం సంగు ఊదాక తలల మీద, కనుబొమల మీద దూదిపింజలు అంటుకుని ఉన్న మగవాళ్ళు ఇంటికి రాకుండా నేరుగా మైదానానికే పోయి, చొక్కాలు గోలు కర్రకు తగిలించి, వట్టికాళ్ళతో ఆటలో దిగేవాళ్ళు. ఊరంతా తమిళం, మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగే గానీ, ఆ తెలుగును చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నేను ఈ అక్షరాలు నేర్చుకున్నది పెళ్ళయిన తర్వాత. ఎక్కణ్ణుంచి వచ్చామని అడిగితే మా పెద్దలు ఉత్తరం వైపు చెయ్యి చూపించి ఊరుకునేవాళ్ళు. ఫుట్‌బాలు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే మాత్రం వీధి చివరింటి సొల్దా తాతను చూపించేవాళ్ళు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన మా ఊళ్ళో, వాళ్ళ సైన్యంలో పనిచేసి పింఛను తెచ్చుకునేవాళ్ళను సొల్దా అంటారు. ఆయన పొద్దున్నే పొడుగాటి రొట్టెను కాఫీలో ముంచుకు తిని, మధ్యాహ్నం చెట్లకింద ఇనప గుండ్లాట ఆడి, సాయంత్రం మా తిన్నె మీదికి వచ్చి, ఫ్రాన్సులో తాను చూసిన ఆటగాళ్ళ గురించి చెప్పేవాడు. ఆయన చూసినవాళ్ళను ఇంకెవరూ చూడలేదు కాబట్టి కాదనేవాళ్ళు లేరు, నమ్మేవాళ్ళూ లేరు.

ప్రపంచంలో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరన్న వాదన అన్ని ఊళ్ళలోనూ ఉంటుంది. మా వీధిలో దానికొక పని కూడా ఉండేది. ఆయుధపూజ నాడు మిల్లువాళ్ళు ఇంటికి తెచ్చుకున్న నాడెలు, కత్తెరలు, స్పానర్లు, సైకిళ్ళు అన్నీ కడిగి గంధం, కుంకుమ పెట్టేవాళ్ళు కదా, ఆ వరుసలోనే ఆ ఏటి కొత్త బంతినీ పెట్టేవాళ్ళు. ఆముదం పట్టించిన తోలుబంతి, నడుమ తాడుకుట్టు, నుదుట బొట్టు. ఒకసారి మా పెద్దనాయన సైకిలు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినట్టే బంతి కింద కూడా ఒకటి పెట్టాడు. బంతి దొర్లి బొమ్మల కొలువు మెట్ల మీదికి పోయి శెట్టియారు బొమ్మ బొజ్జ పగలగొట్టింది. అప్పటినుంచి మా అమ్మ బంతిని కొలువు గదిలోకి రానివ్వలేదు. పూజ మర్నాడు, విజయదశమి పొద్దున, ఆ బంతిని మైదానానికి తీసుకుపోయి గోలులోకి తొలి తన్ను తన్నించాలి. తన్నే హక్కు ఒక్కరిదే. మా వీధి లెక్కలో ఎప్పటికీ గొప్పవాడనిపించుకున్న ఆటగాడిది. ఆ ఒక్కడు ఎవరో నవరాత్రుల్లోనే తేలాలి.

కాబట్టి ఆ తొమ్మిది సాయంత్రాలూ లోపల ఆడవాళ్ళు కొలువు ముందర పాటలు పాడుతుంటే, బయట తిన్నె మీద మగవాళ్ళు పోట్లాడుకునేవాళ్ళు. అప్పటికి మా తీరాన తొలి వానలు మొదలై, గోడలు చెమ్మగిల్లి, వీధంతా పొగమల్లెల వాసనా, తాలింపులో వేగిన ఇంగువ వాసనా కలిసి ఉండేవి. ఒకనాడు సెనగలు, ఒకనాడు పెసలు, ఒకనాడు అలసందలు, రోజుకొక రకం గుగ్గిళ్ళు, మా మాటలో సుండలు, చేసి, పచ్చికొబ్బరీ మామిడి తురుమూ చల్లి, ఆకుల్లో పెట్టి బయటికి పంపితే, తినేంతసేపే వీధి నిమ్మళంగా ఉండేది. వాదానికి కట్టుబాట్లుండేవి. కళ్ళతో చూసిన ఆట గురించే మాట్లాడాలి. బూట్లేసుకున్నవాడికంటే వట్టికాళ్ళతో ఆడినవాడు ఒక మెట్టు పైన. వానలో ఆడి ఉండాలి, ఎండలోనైతే ఎవడైనా ఆడతాడు. చనిపోయినవాణ్ణి కూడా గొప్పవాడనవచ్చు గానీ, అప్పుడు అతని బదులు కొడుకు తన్నాలి. ఒక ఏడు అట్లా ఒక స్వర్గస్థుడు నెగ్గితే, జన్మలో బంతి ముట్టని ఆయన కొడుకు ఇస్త్రీ ప్యాంటుతో వచ్చి, తన్నబోయి, జారి బురదలో కూర్చున్నాడు. ఆ తర్వాత చచ్చినవాళ్ళ పేర్లు ఎత్తడం తగ్గింది. అన్నిటికంటే గట్టి కట్టుబాటు ఇంకొకటి: ఎవరి పేరు వాదంలో ఉందో ఆ మనిషి తిన్నె మీదే కూర్చుని ఉన్నా సరే, తన గురించి తాను నోరెత్తకూడదు. సుండలు తినవచ్చు, అంతే.

నాకు బాగా జ్ఞాపకమున్న ఏట వాదమంతా రాజమాణిక్యం మామ మీద నడిచింది. మామ నేతఖాతాలో జాబరు, అంటే పనివాళ్ళ మేస్త్రీ, మా టీములో నడిమి ఫార్వర్డు, అప్పటికి ఆట మానేసి కొన్నేళ్ళయింది. సన్నటి మనిషి, మాట తక్కువ, నడుస్తుంటే చెప్పుల చప్పుడు కూడా వినపడేది కాదు. వరుసగా చాలా ఏళ్ళు తొలి తన్ను ఆయనదే. ఆయన పక్షాన మా పెద్దనాయన ఉండేవాడు, ఆయనకు కోపమొస్తే తలపాగా ఊడదీసి మళ్ళీ చుట్టుకునేవాడు.

"కొట్టే దిక్కు చూడడప్పా ఆయన! ఆకాశం చూసి కొడతాడు, బంతి మూలకి పోతాది. యాడికి పోతాదో బంతికే తెలీదు, ఇంక గోల్‌కీపరుకేం తెలుస్తాది?"

సొల్దా తాత తొణికేవాడు కాదు. "గొప్పోడే, ఎవురు లేదన్నారు? ఎప్పటికీ గొప్పోడంటే మాత్రం ఒప్పుకోను. ఏటేటా ఆయన కొట్టేది ఏంది? కన్నయ్య పక్కకి పడుకుంటాడు, ఆయన కొడతాడు. కన్నయ్య పడుకుంటే నేను కూడా ఏస్తా గోలు."

కన్నయ్య అంటే మా నాయన. పక్కకు పడుకోవడం నిజమే, అది కూడా ఒక కట్టుబాటే. మాకు వల ఎరువిచ్చేది కురుచికుప్పం అంజలై అవ్వ. పొద్దున గంపతో మా వీధికి చేపలు తెచ్చే మనిషి, నోరు విప్పితే పక్కవీధికి వినపడేది. ఆమె వల ఇచ్చేటప్పుడు ఒకే షరతు పెట్టేది: కుప్పం వల ఎక్కడికి పోయినా ఖాళీగా ఇంటికి రాకూడదు, వస్తే ఆ ఏడు సముద్రంలో కూడా ఖాళీగానే వస్తుంది. అందుకని విజయదశమి నాటి మొదటి బంతి వలలో పడి తీరాలి. గోలులో నిలబడ్డవాడు బంతి ఒక పక్కకు వస్తే ఇంకొక పక్కకు దూకి, కాసేపు నేలమీదే పడి ఉండి, ఓడిపోయినట్టు లేవాలి. మా నాయన ఈ పని ఎంత చక్కగా చేసేవాడంటే, కొత్తగా చూసినవాళ్ళు అయ్యో అని నాలుక కరుచుకునేవాళ్ళు. మిగతా ఏడాదంతా ఎన్ని బంతులాపినా, ఆయన్ను వీధంతా చేరి చూసేది మాత్రం ఆ ఒక్క పొద్దున, ఓడిపోతున్నప్పుడు.

తొమ్మిదో సాయంత్రం నల్లసెనగల సుండలు. పూజ ముగిసింది, బంతికి బొట్టు పెట్టేశారు, వాదం మాత్రం తెగలేదు. రాజమాణిక్యం మామ తిన్నె కొసన కూర్చుని మాట్లాడకుండా తింటున్నాడు, మా నాయన గడప పక్కన గొంతుక్కూర్చుని తింటున్నాడు. నేను ఆకులు అందిస్తూ, తొమ్మిది రోజులుగా కడుపులో పెట్టుకున్న ప్రశ్న అడిగేశాను.

"మరి నాయనో?"

తిన్నె తిన్నెంతా నవ్వింది. పెద్దనాయన కళ్ళు తుడుచుకున్నాడు. "మీ నాయన గోల్‌కీపరు పాపా. తన్నేవాడా?"

"గోలు పడితే అందురికీ గుర్తుంటాది. నాయన పడకుండా చేసిండేది ఎవురికి గుర్తుంటాది?" అన్నాను.

మళ్ళీ నవ్వారు, ఈసారి కొంచెం తక్కువగా. లోపల్నుంచి అమ్మ నన్ను పిలిచింది. వాళ్ళు నవ్వినందుకు నాకు బాధ కలగలేదు, వాళ్ళు రోజూ నవ్వేవాళ్ళే. ఆకులోకి చూస్తూ నాయన కూడా నవ్వాడు, దానికి మాత్రం ఒళ్ళు మండింది. రాజమాణిక్యం మామ ఒక్కడే నవ్వలేదు. చేతికంటిన కొబ్బరి దులుపుకుని, చెంబు నీళ్ళతో చెయ్యి కడుక్కుని, పోతూ పోతూ నా జడ ఒకసారి లాగి వదిలాడు. చివరికి తొలి తన్ను ఆయనదేనని తేలింది గానీ, తాత ఒప్పుకోకుండానే లేచి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. మైదానం నిండా ఎర్రటి బురద, మధ్యమధ్య గుంటల్లో ఆకాశం. కుప్పం కుర్రవాళ్ళు వల కట్టి పోయారు, వాసన గుప్పుమంటోంది. అంజలై అవ్వ గంప దించుకుని గోలు కర్ర పక్కనే కూర్చుంది, బాకీ వసూలుకు వచ్చినట్టు. కొబ్బరికాయ కొట్టారు, బంతికి హారతిచ్చారు. రాజమాణిక్యం మామ ఉతికిన తెల్లపంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, వట్టికాళ్ళతో వచ్చి, బంతిని నేలకు ఆనించి, వెనక్కి నడిచాడు. ప్రతి ఏడూ ఆయన బంతిని మర్యాదగా, మెల్లగా పంపేవాడు. ఆ ఏడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కాలు బంతికి తగిలిన చప్పుడు మిల్లు గోడకు కొట్టుకుని తిరిగి రావడం నాకింకా వినపడుతుంది.

బంతి ఎడమపక్కకు వచ్చింది, కాబట్టి మా నాయన పడుకోవలసింది కుడిపక్క. ఆయన ఎడమపక్కకు లేచాడు. పడడం కాదు, లేవడమే. రెండు చేతులూ మనిషికంటే ముందు పోయాయి. తర్వాత బురదలో బోర్లాపడి ఉన్నాడు, బంతి రొమ్ముకు హత్తుకుని ఉంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరింట్లోనో ఏదో అశుభం జరిగినట్టు నిలబడిపోయారు. ముందు తేరుకున్నది పెద్దనాయన. "ఒరే కన్నా, ఏంది రా ఈ పని!" అని తలపాగా ఊడదీశాడు. అంజలై అవ్వ లేచి, తమిళంలో, కుప్పం దాకా వినపడేట్టు అడిగింది: నా వల ఖాళీగా ఉంది, దీనికేం జవాబు చెబుతారు? మళ్ళీ రాజమాణిక్యం చేతే తన్నిద్దామని ఎవరో అన్నారు. తొలి తన్ను రెండుసార్లు ఎట్లా ఉంటుందని సొల్దా తాత అడ్డుపడ్డాడు. చివరికి అవ్వే తీర్పు చెప్పింది: పోగొట్టిందెవరు, అతనే నింపాలి, బంతి ఎవరి చేతిలో ఉందో అతనే వలలో వెయ్యాలి.

నాయన లేచాడు. ఎడమచెయ్యి చిటికెన వేలు పక్కకు తిరిగిపోయి ఉంది, దాన్ని ఆయన అప్పటికింకా చూసుకోలేదు. బంతి తెచ్చి మామ పెట్టిన చోటే పెట్టాడు. జీవితంలో మొదటిసారి గోలును ఎదురుగా చూస్తున్నట్టు, ఎక్కడ నిలబడాలో తెలియక అటూ ఇటూ జరిగాడు. అప్పుడు రాజమాణిక్యం మామ నడుచుకుంటూ పోయి గోలు కర్రల మధ్య నిలబడ్డాడు. మా నాయన బొటనవేలితో తన్నాడు. బంతి బురదలో తప్పతాగినవాడిలా ఊగుతూ, ఆగుతుందేమో అనిపిస్తూ, కుడిపక్కకు పోయింది. మామ ఉతికిన తెల్లపంచెతో ఎడమపక్క బురదలోకి దూకాడు. కాసేపు పడే ఉన్నాడు. ఓడిపోయినట్టు లేచాడు. బంతి వలలో పడింది, అవ్వ గంప తలకెత్తుకుంది.

ఆ వలను చూస్తూ నేను ఏడ్చాను. సంతోషంతోనే.

ఇక మరుసటి నవరాత్రుల్లో వాదం ఏమై ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు. తొలి తన్ను తన్నినవాడే గొప్పవాడన్నది మన మాట, కాబట్టి కన్నయ్య గొప్పవాడే అని సొల్దా తాత. "తన్నినాడు, ఒప్పుకుంటా. గొప్పోడని ఎవురన్నారు? బొటనేలితో తన్నేవాడు గొప్పోడా?" అని పెద్దనాయన. పట్టింది చూడలేదా అని తాత. పట్టడం తప్పు అని పెద్దనాయన. పేరు వాదంలోకి వచ్చింది కాబట్టి మా నాయన నోరెత్తడానికి లేదు, సుండలు తిన్నాడు. ఆ తొమ్మిది సాయంత్రాలూ ఆకులు అందిస్తూ నేను పడ్డ గర్వం తర్వాత ఏ పరీక్షలోనూ పడలేదు. అది తేలలేదు. తేలకముందే మిల్లులో గొడవలు మొదలయ్యాయి, ఒక ఏడు ఆయుధపూజకు గేట్లు తెరవలేదు, నాడెలు లేనిచోట బంతిని పక్కన పెట్టడానికి ఎవరికీ చేతులాడలేదు. రాజమాణిక్యం మామ బాహూరులో కూతురింటికి వెళ్ళి అక్కడే పోయాడు. సొల్దా తాత పోయాడు, పెద్దనాయన పోయాడు. మైదానంలో ఇప్పుడు కార్లు నిలుపుతారు. కుప్పంలో వలలు నైలానువి, వాసన మాత్రం మారలేదు.

కిందటి ఆదివారం మా తమ్ముడి కొడుకు కార్తి స్నేహితులను పోగేసుకుని మా ముందుగదిలో వాదానికి దిగాడు. ఒకడు బ్రెజిలాయన అంటాడు, ఒకడు అర్జెంటీనా ఆయన అంటాడు, ఇంకొకడు పోర్చుగల్ ఆయన అంటాడు. అందరి చేతుల్లోనూ ఫోన్లు, ప్రతి మాటకూ ఒక వీడియో. కళ్ళతో చూడాలన్న కట్టుబాటుకు వాళ్ళు మాకంటే గట్టిగానే నిలబడ్డారు, పుట్టకముందు ఆడిన ఆటలు కూడా చూశారు. నేను కాఫీలిస్తూ గోల్‌కీపరు ఎవరూ లేరా అని అడిగాను.

"గోల్‌కీపర్ లెక్కలో రాడత్తా" అన్నాడు కార్తి.

ఇన్నేళ్ళుగా ఎక్కడ ఈ మాట వచ్చినా నేను చెప్పే కథ ఒకటే. అదే చెప్పాను, కిటికీ పక్క కుర్చీలో కార్తి తాత, అంటే మా నాయన, వింటూ ఉండగానే. నాయన ఎప్పట్లాగే నోరెత్తలేదు. పిల్లలు ఫోన్లు దించి విన్నారు, నేను గెలిచినట్టే అనిపించింది. అప్పుడు కార్తి ఇంతవరకూ ఎవరికీ తోచని ప్రశ్న ఒకటి, నాయన గురించి కానిది, అడిగాడు.

"తాతా, ఆ రాజమాణిక్యం ఎట్టా ఆడేవాడు?"

నాయన కిటికీ వైపు నుంచి కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. అడిగింది తన గురించి కాదు కాబట్టి మాట్లాడవచ్చు.

"ఆయన కొట్టే దిక్కు చూడడు. ఎప్పుడూ చూడలా. ఆ పొద్దు కొట్టే ముందర నా ఎడమ పక్క చూసినాడు. చూసి, నా మొగం చూసినాడు. మళ్ళా ఎడమ పక్క చూసినాడు."

ఇన్నేళ్ళుగా నేను పట్టుకు తిరుగుతున్న ఒకే ఒక్క రుజువు చేజారినట్టయింది. కళ్ళు మూసుకుంటే కొబ్బరి చెయ్యి దులుపుకుంటూ, నవ్వకుండా, నా జడ లాగిన మామ కనిపించాడు. నాకు నాయన మీద కోపమొచ్చింది, మామ మీద ప్రేమ పొంగింది, రెంటిలో ఏది ముందో తెలియలేదు.

"అంటే ముందే చెప్పేసినాడా తాతా?" అన్నాడు కార్తి.

నాయన ఎడమచెయ్యి ఎత్తి, పక్కకు తిరిగి అట్లాగే అతుక్కుపోయిన చిటికెన వేలును పిల్లలకు చూపించాడు.

"చెప్పినాడు" అన్నాడు. "మెల్లంగా మాత్రం కొట్టలా."